వదిలేసిన సగం

అత్తగారికి దేవుడితో మాట్లాడే అలవాటు, కోడలికి మనుషులతో మాట్లాడే ఉద్యోగం. ఇద్దరూ పొద్దస్తమానం మాట్లాడి సాయంత్రానికి అలసిపోయేవారు కాబట్టి, ఒకరితో ఒకరు చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ మిగిలేది కాదు. అంతేతప్ప ఇద్దరి మధ్యా పొరపొచ్చాలేమీ లేవు. ఒకరి పనికి ఒకరు అడ్డు రాకుండా ఆ ఇంట్లో చాలా కాలంగా సర్దుకుపోతున్నారు.

కోడలు కాలేజీలో తత్త్వశాస్త్రం చెబుతుంది. వీధిలో చిన్నా పెద్దా అందరూ ఆమెను లెక్చరరమ్మ అంటారు. అత్తగారు ముందుగదిలో కుట్టుమిషను వేసుకుని పాత బట్టలు సరిచేసి ఇస్తుంది. బిగుతైన నడుములు వదులు చేయడం, పొడుగు చేతులు కురచ చేయడం, ఊడిన అంచులు మడిచి కుట్టడం ఆవిడ పని. కొత్త బట్టలు కుట్టడం ఎప్పుడో మానేసింది. "కొత్తవి కుట్టేవాళ్లు ఊరంతా ఉన్నారు. ఒంటికి పట్టకుండా పోయినవాటి గోడు వినేవాళ్లే లేరు," అనేది.

మిషను పక్కనే కిటికీ గట్టు మీద జానెడు ఎత్తు ఇత్తడి కృష్ణుడు ఉండేవాడు. ఆ ఇంట్లో పూజగది అంటూ లేదు. దేవుడికి ఆ గట్టే చోటు, అత్తగారి మాటలే పూజ. ఆ మాటలు కూడా వినడానికి పూజలా ఉండేవి కావు.

"ఏమయ్యా, చోద్యం చూస్తున్నావా? ఇంత మందం గుడ్డకి ఇంత సన్న సూది పెట్టాను. విరుగుతుందని నువ్వైనా చెప్పకూడదూ?"

మరీ కోపం వస్తే ఆయన మొహం కిటికీ వైపు తిప్పేసేది. "అటు చూడు కాసేపు. నిన్ను చూస్తే ఒళ్లు మండిపోతోంది." కాసేపయ్యాక జాలేసి మళ్లీ ఇటు తిప్పేది. "మెడ పట్టేసిందా? సరేలే, రా." ఇవన్నీ ఇంట్లో అందరికీ తెలిసినవే. ఆవిడ కొడుక్కి కళ్లజోళ్ల షాపు ఉంది. పొద్దున్నే షాపుకి బయల్దేరుతూ ముందుగదిలోకి తొంగిచూసి, "ఇవాళ ఇద్దరూ మాట్లాడుకుంటున్నారా, లేదా?" అని అడిగి వెళ్లేవాడు. అతను వేసే హాస్యం అంతా కలిపితే అదొక్కటే.

ఒకటి మాత్రం కోడలికి తప్ప ఎవరికీ తెలియదు. ఒక రోజు పొద్దున టీ తీసుకుని ముందుగది గుమ్మం దాకా వచ్చేసరికి మిషను ఆగి ఉంది. అత్తగారి గొంతు బాగా తగ్గి వినిపించింది.

"పిల్ల ఎలా ఉంది?"

కోడలు గుమ్మం అవతలే నిలబడిపోయింది.

"జుట్టు చిక్కు తీయించుకుంటోందా? తలమీద నీళ్లు పోస్తే కళ్లు మండుతాయని ఏడుస్తుంది. నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టి పొయ్యి. దానికి తొందరపెడితే గిట్టదు."

అంతే. మిషను మళ్లీ కదిలింది. పిల్ల అంటే చిట్టి, అంటే అత్తగారి కూతురు, భర్తకు చెల్లెలు. బడికి వెళ్లే వయసులో జ్వరం వచ్చి పోయింది. కోడలు ఆ ఇంటికి రాకముందే జరిగిపోయిన విషయం అది. బీరువాలో చీరల అడుగున ఉన్న ఒక ఫొటోలో తప్ప ఆమె చిట్టిని చూడలేదు. ఆ ఇంట్లో చిట్టి పేరు ఎవరూ ఎత్తరు. ఆ పూట టీ కప్పుతో అడుగులో అడుగు వేసుకుంటూ వంటింట్లోకి వెనక్కి వచ్చి, పొయ్యి దగ్గర నిలబడి కళ్లు తుడుచుకుంది. విన్నది తన నోట ఎప్పుడూ రాకూడదని ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేకపోయింది. అప్పటినుంచి గమనిస్తే, రోజూ పొద్దున అదే వేళకు మిషను కాసేపు ఆగేది.

ఆ తర్వాత కొన్ని నెలలకు ఊరి గ్రంథాలయం వాళ్లు ఆమెను ఉపన్యాసాలకు పిలిచారు. మొదటిదానికి విషయం, అద్వైతంలో దేవతల స్థానం. ఉన్నది ఒక్కటే, దానికి రూపమూ పేరూ లేవు అని చెప్పే దర్శనంలో ఇంతమంది దేవుళ్లు ఎక్కడ నిలబడతారు? ఆమెకు ఎంతో ఇష్టమైన ప్రశ్న. ఉపన్యాసాన్ని రెండు సగాలుగా మనసులో కూర్చుకుంది. ఏ రూపమూ అంతిమ సత్యం కాదనేది మొదటి సగం. అయినా దేవుణ్ణి ఎందుకు కొట్టిపారేయకూడదనేది రెండో సగం.

హాలు సగం పైగా నిండింది. కానీ మొదటి సగం సగానికి రాకముందే జనం పలచబడటం మొదలైంది. ప్లాస్టిక్ కుర్చీలు కిర్రుమంటూ వెనక్కి జరుగుతున్నాయి. ముందు వరసలో ఒక పెద్దాయన గడ్డం గుండెకి ఆనించి నిద్రపోతున్నాడు. వెనక నలుగురు లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు. కాలేజీలో పిల్లలు లేచి వెళ్లలేరు, హాజరు పోతుంది. ఇలా కళ్లముందే మనుషులు జారిపోవడం ఆమెకు కొత్త.

"మా ఇంట్లో ఒక కృష్ణుడున్నాడు," అంది ఉన్నట్టుండి. "పాపం, వారంలో నాలుగు రోజులు మొహం కిటికీకి తిప్పి ఉంటాడు. ఎందుకంటే మా అత్తగారి సూది విరిగింది."

హాలు గొల్లుమంది. చెప్పులు వెతుక్కుంటున్న వాళ్లు కూర్చున్నారు. పెద్దాయన నిద్రలేచాడు. ఆమెకు ఊపిరి వచ్చింది. మెడ పట్టేసిందా అని అడగడం చెప్పింది, ఇంకా నవ్వారు. చెబుతున్న కొద్దీ గొంతులో అత్తగారి యాస కూడా వచ్చి చేరింది. అలా అలా, ఆగాల్సిన చోటు ఎప్పుడు దాటిపోయిందో ఆమెకు తెలియలేదు.

"పైగా ఆయన మా ఇంట్లో ఎంక్వైరీ కౌంటరు గుమాస్తా కూడా. మా అత్తగారికి చిన్నప్పుడే పోయిన కూతురు ఉంది. రోజూ పొద్దున అడుగుతారు, పిల్ల ఎలా ఉంది, తలస్నానం చేయించావా, చిక్కు తీశావా అని. ఇదిగో, ఇలా చెవి ఒగ్గి విని, ఇలా తల ఊపుతారు." మైకు ముందు చెవి ఒగ్గి, తల ఊపి చూపించింది. విశ్వాన్నంతా నడిపేవాడు దువ్వెన పట్టుకుని నిలబడ్డాడని కూడా అంది. జనం చప్పట్లు కొట్టారు. ముందు వరస చివర ఒకావిడ మాత్రం నవ్వలేదు, తల దించుకుని ఒళ్లో చేతులు చూసుకుంది. లెక్చరరమ్మ అది చూసింది. చూసి, కళ్లు పక్కకు తిప్పేసింది.

"పసివాళ్లకు బొమ్మ కావాలి. పెద్దయ్యాక అక్కర్లేదు," అని ముగించింది. "ఉన్నది ఒక్కటే. దానికి రూపం లేదు, పేరు లేదు, మనం అడిగితే జవాబు చెప్పే నోరూ లేదు." ఆ చప్పట్లలో రెండో సగం ఎత్తుకోవడానికి ఆమెకు మనసొప్పలేదు. నమస్కారం పెట్టి దిగిపోయింది.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తుంటే కాళ్లు నేలమీద ఆనలేదు. ఎప్పుడూ ఇంత బాగా మాట్లాడలేదనుకుంది.

వారం తిరక్కుండానే లైబ్రేరియన్ ఉత్సాహం కొద్దీ తను తీసిన రికార్డింగులోంచి ఆ నవ్వుల ముక్క ఒక్కటీ కత్తిరించి తెలిసినవాళ్ల ఫోన్లకు పంపాడు. అక్కణ్ణుంచి అది ఎవరి చేతిలో పడిందో ఎవరికీ తెలియదు. లెక్చరరమ్మకు తెలిసింది మాత్రం ఇలా. కాలేజీ నుంచి వచ్చి గేటు తీస్తుంటే ముందుగదిలోంచి ఒక గొంతు వినిపించింది. "రోజూ పొద్దున అడుగుతారు, పిల్ల ఎలా ఉంది..." ఎవరి గొంతో ఒక్క క్షణం తెలియలేదు. ఆ తర్వాత నవ్వులు వినిపించాయి. చెవుల్లోకి వేడి సీసం పోసినట్టయింది.

లోపల పక్కవీధి టీచరమ్మ నిలబడి ఉంది. భర్త కోటు వదులు చేయించడానికి తెచ్చింది. మంచి మనిషి, నోరు కాస్త పెద్దది. ఫోను చేత్తో పైకెత్తి పట్టుకుని కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుతోంది.

"రండి మేడమ్, సరిగ్గా టైముకొచ్చారు. ఏం చెప్పారండీ బాబూ! మా ఇంట్లో అందరం మళ్లీ మళ్లీ పెట్టుకుని విన్నాం. అమ్మగారికి మీరు వినిపించనే లేదటగా!"

అత్తగారు ఒళ్లో కోటు పరుచుకుని కూర్చుని ఉంది. పెదాల మధ్య గుండుసూదులు. ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకి గుచ్చసాగింది. అన్నీ గుచ్చేదాకా ఎవరి వైపూ చూడలేదు. కోడలు గుమ్మంలోనే నిలబడి ఆ వేళ్లు చూస్తోంది. అవి వణికినా బావుండేదనిపించింది. అవి వణకలేదు.

"ఏరీ మీ కృష్ణుడు? ఇవాళ ఎటు తిరిగున్నాడు? ఒక్క ఫొటో తీసుకుంటానమ్మా," అంది టీచరమ్మ.

"కోటుకి తొందరేం లేదుగా?" అంది అత్తగారు. "లోపల గుడ్డ తక్కువుంది. అతుకు వెయ్యాలి. ఎల్లుండి రామ్మా."

టీచరమ్మ ఇద్దరి మొహాలూ చూసి, ఎక్కడో ఏదో తేడా కొట్టిందని తెలిసి, ఫోను సంచిలో వేసుకుని వెళ్లిపోయింది. అత్తగారు కోటు మడిచి బల్లమీద పెట్టింది. "టీ పెడతావా?" అంది కోడలితో. ఇంకేమీ అనలేదు.

భర్త ఆ పూట షాపు తొందరగా మూసి వచ్చాడు. చేతులు కడుక్కుని తుడుచుకుంటూ చాలాసేపు నిలబడ్డాడు.

"షాపుకి కూడా వచ్చిందా?" అని ఆమే అడిగింది.

"వచ్చింది. అద్దాలు మార్పించుకోవడానికి వచ్చినాయన వినిపించాడు. మొదట్లో నేనూ నవ్వాను. అమ్మ దేవుడి మొహం తిప్పడం నాకు తెలిసిందేగా." తువ్వాలు మడత పెట్టాడు, విప్పాడు, మళ్లీ మడత పెట్టాడు. "అమ్మ రోజూ చిట్టిని అడుగుతుందని నాకు తెలీదు. మర్చిపోయిందనుకున్నాను. నేనెందుకు గుర్తుచేసి ఏడిపించాలని ఇన్నాళ్లూ నోరు కట్టేసుకున్నాను. ఆ హాల్లో వాళ్లందరికీ నాకంటే ముందు తెలిసింది."

"మీరు నన్ను తిట్టండి."

"తిట్టి ఏం చెయ్యను?" అన్నాడతను. కేక వేసినా ఇంత తల వాలిపోయేది కాదు ఆమెకు.

ఆ మర్నాటి నుంచి ముందుగదిలో మిషను చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. సూదులు విరిగాయి, దారాలు తెగాయి, బాబిన్లు చిక్కుపడ్డాయి. ఒక్క తిట్టు లేదు. కృష్ణుడు గట్టు మీదే ఉన్నాడు, మొహం ఇటే ఉంది. ఎవరూ ఆయన్ని అటు తిప్పడం లేదు. కోడలికి తిండి సయించలేదు. కాలేజీలో పాఠం మధ్యలో ఎవరైనా కిసుక్కున నవ్వితే మాట తడబడేది. వరండాలో ఎదురైన తోటి లెక్చరర్లు, "గుమాస్తాగారు కులాసాయేనా?" అని పలకరించారు. ఆమె కూడా పెదాలు సాగదీసి నవ్వి, గదిలోకి వెళ్లి, తనమీద తనకే అసహ్యం పుట్టి, తలుపు వేసుకుని కూర్చుంది.

సెలవు రోజు చూసుకుని ముందుగదిలోకి వెళ్లింది.

"ఆ స్టూలు కాలు ఊగుతుంది. చూసి కూర్చో," అంది అత్తగారు. మిషను ఆపలేదు.

"అత్తయ్యా, తప్పు చేశాను. మీరు తిడితే బావుణ్ణు."

"తిట్టడానికి నాకొకడున్నాడనుకునేదాన్ని." అత్తగారి కళ్లు కుట్టు మీదే ఉన్నాయి. "ఇప్పుడు ఆయన వంక చూస్తే నోరు రావటం లేదు. నోరు తెరిచానంటే వెనకాల జనం నవ్వినట్టుంటోంది."

అత్తగారు కుట్టు చివరికి వచ్చి, దారం తెంపి, మొదటిసారి తలెత్తింది.

"ఒక్కటి చెప్పు. కాలేజీలో చెప్పినట్టు కాదు, నాకు అర్థమయ్యేలా. మీ చదువు ప్రకారం ఆయన లేడా?"

"లేడని కాదు అత్తయ్యా."

"అంటే ఉన్నాడా? ఆయన లేకపోతే నా పిల్ల ఎవరి దగ్గరున్నట్టు? అందుకు అడుగుతున్నాను."

కోడలు ఊగుతున్న స్టూలు మీద సర్దుకుని కూర్చుంది. ఈ ప్రశ్నకు ఇంత దగ్గరగా కూర్చుని ఎప్పుడూ జవాబు చెప్పలేదు.

"మీరున్నంత నిజంగా ఆయనున్నాడు. ఈ గది, ఈ మిషను, నేను, ఎంత నిజమో ఆయనా అంత నిజం. ఉన్నది ఒక్కటేనని నిజంగా తెలిసిన రోజున ఆయన పేరూ రూపమూ పోతాయంటారు. కానీ ఆ రోజున నా పేరూ పోతుంది, నా రూపమూ పోతుంది. ఆయనొక్కడూ పోయి మనం మిగిలిపోవడమంటూ లేదు. కలలో దాహం వేస్తే కలలో నీళ్లే కదా తాగుతాం. ఆ నీళ్లు అబద్ధమని చెప్పాలంటే ముందు ఆ దాహం అబద్ధమవ్వాలి. నేను నేనే అనుకుంటున్నంత కాలం ఆయన లేడనే హక్కు నాకు లేదు. పైగా ఈ లోకమంతా ఆయన చేతిలో ఉందంటారు. ఉన్నది ఒక్కటేనని తెలియాలన్నా ఆయన దయే ఉండాలంటారు."

"ఇది నీకు ఆ రోజు తెలీదా?"

"తెలుసు."

"మరి చెప్పలేదే?"

టైము అయిపోయిందని చెప్పవచ్చు. జనానికి అర్థం కాదని చెప్పవచ్చు. రెండూ నాలుక చివరిదాకా వచ్చాయి.

"నవ్వుతున్నారు అత్తయ్యా," అంది చివరికి. "ఇది చెబితే ఆ నవ్వు ఆగిపోతుందనిపించింది."

అత్తగారు చాలాసేపు ఆమె మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా తట్టుకునేదేమో. తెలిసిన మనిషిని మళ్లీ కొత్తగా కొలతలు తీసుకుంటున్నట్టు చూసింది.

"ఆ కత్తెర ఇటివ్వు," అంది. కత్తెర అందుకుని, "మళ్లీ ఉపన్యాసం ఉందన్నావుగా. అందులో నా మాట ఎత్తకు. మంచిగా కూడా ఎత్తకు," అంది.

రెండో ఉపన్యాసానికి హాలు కిటకిటలాడింది. వరండాలోంచి బెంచీలు తెచ్చి వేశారు. జనం నవ్వడానికి సిద్ధపడి వచ్చారని మెట్లెక్కుతుంటేనే తెలిసిపోయింది. లైబ్రేరియన్ ఆమెను నవ్విస్తూ వేదాంతం చెప్పే మేడమ్ అని పరిచయం చేశాడు. ఆమె ముందు వరస చివరకు చూసింది. ఆ రోజు తల దించుకున్నావిడ రాలేదు.

"పోయినసారి మీకు నేను కొన్ని మాటలు చెప్పాను," అని మొదలుపెట్టింది. "అవి నావి కావు. చెప్పే హక్కు నాకు లేదు."

జనం నవ్వారు. ఇంకో జోకుకి ఎత్తుగడ అనుకున్నారు.

"తల ఊపడం నేను కల్పించింది. అలా ఎవరూ ఊపలేదు."

ఇంకా గట్టిగా నవ్వారు. వెనకనుంచి ఎవరో, "మళ్లీ ఊపండి మేడమ్!" అన్నారు. ఆమె మైకు పట్టుకుని నిలబడింది. తను వాళ్లకు అలవాటు చేసిందే ఇది. నవ్వు ఆగేదాకా నోరు తెరవకూడదనుకుంది. ఆ నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆగాక కూడా అక్కడక్కడా చిన్నగా పేలుతూనే ఉంది. మొహం కందిపోయి, చెమట మెడ మీదికి కారుతున్నా చెయ్యెత్తి తుడుచుకోలేదు.

"నేను ఏడవకుండా ఉండటానికి ప్రయత్నిస్తున్నాను, దయచేసి నవ్వకండి," అంది. అప్పుడు హాలు చప్పబడింది.

ఆ తర్వాత వదిలేసిన సగం చెప్పింది. దేవుడు పూర్తిగా నిజం కాదని ఎవరైనా అంటే, ఆ మాట అంటున్న మనిషి కూడా అదే త్రాసులో కూర్చోవాలని చెప్పింది. దేవుణ్ణి ఎక్కడ నిలబెడతారో భక్తుణ్ణీ, పండితుణ్ణీ అక్కడే నిలబెట్టాలని చెప్పింది. "పోయినసారి నేను దేవుణ్ణి తీసేశాను. నన్ను మాత్రం మైకు ముందు ఉంచుకున్నాను. అద్వైతం నాకు ఆ వెసులుబాటు ఇవ్వలేదు. నేనే తీసుకున్నాను. ఇన్నేళ్లుగా ఈ చదువు చెబుతున్న మనిషిగా నాకు సిగ్గుగా ఉంది."

కుర్చీలు కిర్రుమన్నాయి. జనం ఒక్కొక్కరే లేచారు. ఈసారి ఆపాలని ఆమె ఏమీ చేయలేదు. చివరికి మిగిలిన కొద్దిమందికే మొత్తం చెప్పి ముగించింది. దిగాక టీచరమ్మ దగ్గరికి వచ్చి, "ఇవాళ కాస్త బరువైంది మేడమ్," అని భుజం తట్టింది. ఆ నవ్వుల ముక్కను తీసేయమని లైబ్రేరియన్‌ను అడిగితే అతను చేతులు నలుపుకున్నాడు. "నా ఫోన్లోంచి తీసేస్తానండీ. ఊళ్లోవాళ్ల ఫోన్లలోంచి ఎలా తియ్యను?"

ఉపన్యాసం ఎలా జరిగిందని ఇంట్లో ఎవరూ అడగలేదు. ఆమె చెప్పలేదు. చెబితే మళ్లీ మార్కుల కోసం చెయ్యి చాచినట్టుంటుందనిపించింది.

ఇంట్లో ఒక్క మార్పు వచ్చింది. భర్త పొద్దున షాపుకి వెళ్లేముందు తొంగిచూసి పోవడం మానేసి, ముందుగదిలో కాసేపు కూర్చోసాగాడు. తలుపు అవతల నుంచి తల్లీ కొడుకుల గొంతులు వినిపించేవి. చిట్టి పేరు వినిపించేది. చిట్టి తన అన్న పుస్తకాలు దాచేసి ఏడిపించడం, బొత్తాల డబ్బా అంతా నేలమీద పారబోయడం. ఒక రోజు ఇద్దరూ నవ్వడం కూడా వినిపించింది. కోడలు లోపలికి వెళితే ఆ మాటలు ఆగిపోయేవి. ఆపాలని ఆపేవారు కాదు, ఆగిపోయేవి, అంతే. ఆమెకు గుండెలో కలుక్కుమనేది. కానీ ఏమని నొచ్చుకుంటుంది? అప్పటినుంచి ఇంటికి వచ్చేటప్పుడు గేటు గొళ్లెం గట్టిగా చప్పుడు చేసి, చెప్పులు మెట్టుకు కొట్టి విప్పి, కాస్త దగ్గి మరీ లోపలికి వచ్చేది. ఇంట్లో ఏదైనా తన చెవిన పడకూడనిది ఉంటే సర్దుకోవడానికి వాళ్లకు వ్యవధి ఉండాలని.

అలా కొంతకాలం గడిచాక అత్తగారికి కడుపులో నొప్పి మొదలైంది. స్కానింగులో పిత్తాశయంలో రాళ్లున్నాయని తేలింది. పెద్ద ఆపరేషను కాదు, రెండు మూడు రోజులు ఆసుపత్రిలో ఉంటే చాలన్నారు. బయల్దేరే రోజు మధ్యాహ్నం కోడలు ముందుగదిలో సంచి సర్దుతోంది. అత్తగారు మిషనుకి తొడుగు వేసి, దాని మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"రేపు పొద్దున నేనుండను," అంది.

"షాపు మూసేసి ఆయన మీ దగ్గరే ఉంటారు అత్తయ్యా. నేను బట్టలూ అవీ తీసుకుని పొద్దున వస్తాను."

"అది కాదు. రేపు నువ్వు అడుగు."

కోడలి చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది. "ఏమని?"

"ఏమని అడగాలో నీకు తెలుసుగా. విన్నావుగా."

ఆ గొంతులో దెప్పిపొడుపు లేదు. అందుకే అది ఇంకా లోపలికి దిగింది.

"ఆయన్ని అడగమంటే?" అంది కోడలు, భర్తను ఉద్దేశించి.

"వాడు మొదలుపెట్టగానే ఏడుస్తాడు. నువ్వయితే మాట్లాడగలవు."

మర్నాడు పొద్దున ఇంట్లో ఆమె ఒక్కతే ఉంది. స్నానం చేసి, బట్టల సంచి గుమ్మం దగ్గర పెట్టి, ముందుగదిలోకి వెళ్లింది. వెళ్లీవెళ్లగానే చేసిన మొదటి పని, వీధి వైపు తలుపు మూసి ఉందో లేదో చూసుకోవడం. ఎవరైనా వింటే? ఆ ఆలోచన వచ్చిందని తెలియగానే ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. అత్తగారి మాట ఊరందరికీ వినిపించిన మనిషి, తన మాట దగ్గరికి వచ్చేసరికి తలుపు చూసుకుంటోంది. వెళ్లి తలుపు తెరిచింది. వీధిలో ఎవరో సైకిలు తుడుచుకుంటున్నారు.

కృష్ణుడి ఎదురుగా నిలబడింది. ఏమని పిలవాలో తెలియలేదు. ఇన్నేళ్లుగా ఆయన గురించి మాట్లాడింది. ఈశ్వరుడంది, సగుణమంది, మాయ తొడిగిన ఉపాధి అంది. ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. మీరు అనాలా, నువ్వు అనాలా? అత్తగారిలా ఏమయ్యా అందామంటే ఆ పిలుపు ఆవిడది, ఒకసారి దొంగిలించింది చాలు. వందలమంది ముందు గడగడా మాట్లాడిన నోరు జానెడు ఇత్తడి బొమ్మ ముందు ఎండిపోయింది.

"చిట్టి ఎలా ఉంది?" అంది చాలాసేపటికి. గొంతు తనది కానట్టు వచ్చింది. "అత్తయ్య ఆసుపత్రిలో ఉన్నారు. అందుకని నేను అడుగుతున్నాను." ఆగింది. "తలమీద నీళ్లు పోసేటప్పుడు నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టండి. తొందరపెట్టకండి."

తర్వాత ఏం చేయాలో తెలియక నిలబడింది. వీధిలో సైకిలు గంట మోగింది. ఎదురింట్లో కుళాయి తిప్పిన చప్పుడు. తనకు ఏడుపు వస్తుందేమో అనుకుంది, రాలేదు. ఏదో తెలుస్తుందేమో అని కూడా లోలోపల ఎక్కడో అనుకుంది. ఏమీ తెలియలేదు. సంచి తీసుకుని, తలుపు తాళం వేసి బయల్దేరింది.

ఆపరేషను బాగానే జరిగిందని భర్త వార్డు గుమ్మంలోనే చెప్పి, మందులు తేవడానికి వెళ్లాడు. అత్తగారు మంచం మీద చిన్నగా కనిపించింది. మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు, కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. కోడలు దుప్పటి సరిచేసి పక్కన కూర్చుంది.

"అడిగావా?"

"అడిగాను."

"ఏమన్నాడు?"

బాగుందన్నాడని ఒక్క మాట అంటే ఆవిడ హాయిగా నిద్రపోతుంది. ఆ మాట చెప్పడానికి నోరు సిద్ధంగానే ఉంది. జనానికి ఏది కావాలో అది అందించడం ఆ నోటికి బాగా తెలుసు.

"నాకేమీ వినిపించలేదు అత్తయ్యా," అంది తల వంచుకుని.

అత్తగారు కళ్లు మూసుకుంది. నిద్రపోయిందేమో అనుకుంది కోడలు.

"నాకూ అంతే," అంది అత్తగారు కళ్లు తెరవకుండానే. "ఇన్నేళ్లలో ఒక్కసారీ వినిపించలేదు. అయినా అడక్కుండా ఎలా ఉంటాం?"

కోడలు ఆవిడ మొహం వంక చూడలేకపోయింది. సరిగ్గా ఉన్న దుప్పటినే మళ్లీ సరిచేసింది.

"తల సంగతి అడిగావా? నుదుటి మీద చెయ్యి పెట్టమని?"

"అడిగాను."

"ఊఁ," అంది అత్తగారు. కాసేపటికి పక్కకు ఒత్తిగిలబోయి, కుట్లు లాగి ఆగింది. "ఇంకో రోజు ఉండమన్నాడు డాక్టరు. రేపు కూడా నువ్వే అడగాలి."

"సరే అత్తయ్యా," అంది కోడలు. మందులతో భర్త వస్తున్నాడు. ఆమె లేచి అతనికి కుర్చీ ఇచ్చి, మంచం అవతలి వైపుకు వెళ్లి నిలబడింది.